రుద్దిన ధనియాలు

మెల్లగా రాయి అమ్మడూ. నేనూ మెల్లగానే చెప్తాను. మధ్యలో ఆగానంటే అయిపోయిందని కాదు, మాట వెతుక్కుంటున్నానని. నేను బడికి వెళ్ళింది మూడేళ్ళు. అందుకని నా మాటలు దిద్దాలనిపిస్తుంది నీకు. దిద్దకు.

మీ అమ్మకి అప్పుడు ఇరవై నాలుగు. నువ్వింకా లేవు, మీ నాన్న ఎవరో కూడా మాకింకా తెలీదు. ఆ చలికాలం సంగతి ఇది.

మాకున్నదల్లా ఇంటి ముందు అరెకరం మడి. అందులో కొత్తిమీర. పొద్దున్నే కోసి, కట్టలు కట్టి, తడి గోనెలో చుట్టి బస్సెక్కించేవాణ్ణి. నా చేతుల వాసన ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు. బస్సులో పక్కన కూర్చున్నవాడు కళ్ళు మూసుకుని కూడా నా పనేంటో చెప్పేసేవాడు.

అంతకు రెండేళ్ళ ముందు సముద్రం పోటు కాలవలోకి ఎక్కింది. కాలవలోంచి బావిలోకి దిగింది. ముందు కనిపెట్టింది మీ అమ్మమ్మ. బట్టలు ఉతుకుతుంటే నురగ రావట్లేదంది. సబ్బు మార్చమన్నాను. మార్చింది. అయినా రాలేదు. ఆరేసిన నా చొక్కా అట్టముక్కలా బిగుసుకుని నిలబడింది. అప్పుడు ఆ నీళ్ళు నాలిక మీద వేసుకుని చూశాను. చూసి ఉమ్మేశాను.

చుట్టుపక్కల మళ్ళన్నీ ఒక్కొక్కటే ఉప్పు పండించే కాంట్రాక్టరు చేతికి పోయాయి. ఆయన్ని మేం గొడుగాయన అనేవాళ్ళం. ఎండ ఉండదు, వాన ఉండదు, ఆయన చంకలో గొడుగు మాత్రం ఉంటుంది. మనిషి చెడ్డవాడేం కాదు. నవ్వుతూ మాట్లాడతాడు, అదే నాకు పడేది కాదు. మా మడి కూడా పన్నెండేళ్ళ కౌలుకి రాసిమ్మన్నాడు. పన్నెండేళ్ళు ఉప్పునీళ్ళు నిలబడ్డాక ఆ నేల మళ్ళీ మడి అవుతుందా? ఎప్పటికీ కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

"చలి తగ్గేలోపు ఏదో ఒకటి చెప్పండి పెద్దాయనా," అన్నాడు. "ఎండలు ముదిరాక గట్లు పోస్తే నాకు లాభం లేదు."

"ఈ పంట చూసి చెప్తాను," అన్నాను.

ఆ పంట ఏం చూశాను! పదిహేను రోజులైనా మడి బోసిగా ఉంది. అక్కడక్కడా ఒక మొలక తల బయటపెట్టి, ఇటూ అటూ చూసి, మనకెందుకులే అని మళ్ళీ పడుకున్నట్టు వాలిపోయింది. పైన తెల్లగా పొర కట్టింది నేల. నడిస్తే చెప్పు కింద కరకరమనేది.

మీ అమ్మ అప్పుడు పంటల పరిశోధన కేంద్రంలో గాజుసామాను కడిగే పని చేసేది. గొట్టాలు, సీసాలు, మూతలు. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా కడుగుతూనే ఉండేది. కడుగుతూ వాళ్ళు చేసేది చూసేది. నేను పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చెంబు అందిస్తూ అంది.

"నాన్నా, విత్తనాన్ని ముందు ఉప్పునీళ్ళలో నానబెట్టి విత్తితే మొలుస్తుంది."

"మడి నిండా ఉన్నది ఉప్పే కదా. చాల్లేదా?"

"అలా కాదు. కొంచెం. లీటరు నీళ్ళకి అర చెంచా. పన్నెండు గంటలు ఉంచి తీసేసి, మళ్ళీ మామూలుగా అయ్యేదాకా ఆరబెట్టాలి. విత్తనం ముందే దాని రుచి చూసేస్తుందన్నమాట. తర్వాత మడిలో పడ్డా బెదరదు."

"విత్తనానికి బెదురేమిటే? అదేమన్నా కొత్తగా బళ్ళో వేసిన పిల్లా?"

"అలాంటిదే అనుకో."

గుమ్మంలోంచి మీ అమ్మమ్మ అందుకుంది. "నన్ను కూడా నానబెట్టవే తల్లీ. ఈ మనిషి దగ్గర ముప్పై ఏళ్ళ నుంచీ బెదురుతూనే ఉన్నాను."

ముగ్గురం నవ్వాం. ఆ చలికాలం ముగ్గురం కలిసి నవ్వింది అదే, మళ్ళీ లేదు. అది కూడా రాయి.

నేను ఒప్పుకున్నాను గానీ మనసులో ఒప్పుకోలేదు. వేరే దారి లేక ఒప్పుకున్నాను. ఆమె సెలవు రోజున నాలుగు కిలోల ధనియాలు తెచ్చాను. ఆమె పని చేసేచోట మూల పడేసిన పాత కాటా ఒకటి అడిగి తెచ్చింది. ధనియాలు తూచి గోడ మీద సుద్దముక్కతో రాసింది. పెద్ద గిన్నెలో నీళ్ళు కొలిచి పోసింది. వానకి పట్టి ఉంచిన మంచినీళ్ళు అవి, మీ అమ్మమ్మ తాగడానికి దాచుకున్నవి. ఆవిడ ఖాళీ బిందె బోర్లించి పెట్టింది. పొద్దున ఆరింటికి నానేసి, సాయంత్రం ఆరింటికి గడియారం చూసి మరీ తీసింది. ఒకసారి కడిగింది. మధ్యగదిలో పాత దుప్పటి పరిచి పల్చగా పోసింది.

అక్కడ్నుంచి మా ఇల్లు ఇల్లు కాదు. నడవాలంటే గోడ పట్టుకుని నడవాలి. ఫ్యాను వెయ్యకూడదు, దుప్పటి లేస్తుంది. కిటికీ ముయ్యకూడదు, చెమ్మ పడుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆమె ధనియాలన్నీ ఎత్తి కాటాలో పోసి తూచి, గోడ మీద అంకె రాసి, మళ్ళీ పరిచేది. మొదటి అంకె దగ్గరికి వచ్చేదాకా అంతే.

"ఇల్లు ధనియాలది. మనం అద్దెకున్నాం," అనేది మీ అమ్మమ్మ.

రెండోరోజు ఆమె పనికి వెళ్ళాక నాకు విసుగొచ్చింది. బయట మంచి ఎండ. దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని ముంగిట్లో పెడితే పూటలో ఆరిపోతాయి కదా అని తీసుకెళ్తున్నాను. ఆమె ఏదో మర్చిపోయి వెనక్కి వచ్చింది. గుమ్మంలో ఎదురుపడ్డాం.

"ఎండలో కాదని చెప్పానా?"

"ఆరడం ఎక్కడారితే ఏంటి?"

"లోపల పెట్టు నాన్నా."

చిన్నపిల్లాణ్ణి అన్నట్టు అంది. నా ఇంట్లో, నా ధనియాలు, నా మడికి. లోపల పెట్టాను గానీ, ఆ మాట మూడు రోజులు గొంతులో అడ్డంపడింది.

మూడోరోజు సాయంత్రం గోడ మీద రెండు అంకెలూ ఒకటయ్యాయి. ఆమె మొహం చూడాలి నువ్వు. నా దగ్గర కూర్చుని ఒక్కొక్కటే చెప్పింది. వేలి గణుపు కంటే లోతు వెయ్యొద్దు. వెయ్యగానే పల్చగా తడిపి వదిలెయ్యి. మడి నింపెయ్యకు. రేపు పొద్దున్నే అయిపోవాలి, ఆలస్యం చెయ్యకు. అన్నిటికీ ఊఁ అన్నాను. రేపు నాకు సెలవివ్వరు, లేకపోతే నేనే ఉండేదాన్ని అంది.

ఇప్పుడు జాగ్రత్తగా రాయి.

ధనియం అంటే ఒక గింజ కాదు. లోపల రెండు గింజలు, పైన ఒక పొట్టు. దాన్ని చెక్కపలక మీద పోసి, చెప్పుకాలితో రుద్ది, రెండు బద్దలు చేసి విత్తుతాం. మా నాన్న అలాగే చేశాడు, నేనూ అలాగే చేశాను. రుద్దకుండా ధనియాలు విత్తినవాణ్ణి నా జన్మలో చూడలేదు. ఆమె పనిచేసేచోట రుద్దరు. నానితే అదే విచ్చుకుంటుందని వాళ్ళ పద్ధతి. రుద్దొద్దని చెప్పాలని ఆమెకి తోచలేదు, ఎందుకంటే మా పలక చిన్నప్పట్నుంచీ చూసినా, నానబెట్టిన ధనియాలని అక్కడ ఎవరూ రుద్దగా ఆమె చూళ్ళేదు. రుద్దాలా అని అడగాలని నాకు తోచలేదు. అన్నం తినేముందు నోరు తెరవాలా అని ఎవరన్నా అడుగుతారా?

పొద్దున ఆమె బస్సెక్కాక నాలుగు కిలోలూ పలక మీద పోసి రుద్దాను. కొంచెం మెత్తగా అనిపించాయి కాలికింద. మామూలుగా టకటకమని విడిపోతాయి, ఇవి నలిగినట్టయ్యాయి. నాని ఉన్నాయి కదా, అందుకే అనుకున్నాను. ఇంకాస్త గట్టిగా రుద్దాను.

విత్తాను. గణుపు లోతే. పల్చగా తడిపాను. అన్నీ ఆమె చెప్పినట్టే చేశాను.

ఎనిమిదో రోజు నుంచి ఆమె పనికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక చెప్పులు విడవకుండానే ఒకసారి మడి చుట్టూ తిరిగేది. పది రోజులు. పన్నెండు. గొడుగాయన గట్టు మీద నిలబడి పలకరించేవాడు.

"ఏం పెద్దాయనా, ఏమన్నా కదిలిందా?"

"టైం పడుతుంది."

"నేను ఈ గొడుగు పాతినా ఈపాటికి చిగురేసేది."

ఆయన మనుషులు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వినట్టు పెదాలు సాగదీసేవాణ్ణి. ఇంటికొచ్చి మీ అమ్మమ్మ మీద కసురుకునేవాణ్ణి, గ్లాసు ఇక్కడెందుకుంది, గొళ్ళెం ఎవరు తీశారు అని.

పదిహేడో రోజున సాలుకి నాలుగో ఐదో మొలకలు ఉన్నాయి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని వేలితో మట్టి కెలుకుతోంది.

"నాన్నా, లోతు ఎంత వేశావు?"

"నువ్వు చెప్పినంతే."

"నీళ్ళు?"

"నువ్వు చెప్పినన్నే."

"ఇంకేమన్నా చేశావా?"

"ఇంకేం చేస్తాను? ఎప్పుడూ చేసేదే చేశాను."

చూశావా, అబద్ధం చెప్పలేదు. ఆమె ఇంకో సాలు కెలికింది. లేచి చేతులు దులుపుకుంది. "మరి ఎక్కడ తప్పు పోయింది," అని తనలో తను అనుకుంటోంది. "ఉప్పు ఎక్కువైందా. అర చెంచానే కదా వేశాను." అలా అనుకుంటూ అదే పనిగా మట్టి వంక చూస్తుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు రోజులు గోడ పట్టుకుని నడిచిందీ, గుమ్మంలో నన్ను చిన్నపిల్లాణ్ణి చేసిందీ, గొడుగాయన చిగురూ, అన్నీ కలిసి నోట్లోకి వచ్చేశాయి.

"సీసాలు కడిగేదానివి సీసాలు కడుక్కోక నీకెందుకే సేద్యం?"

ఆమె ఇంట్లోకి వెళ్ళింది. తడిగుడ్డ తీసుకుని గోడ మీది అంకెలు తుడిచింది. ఆ గోడ ఇప్పటికీ అక్కడ కొంచెం నునుపుగా ఉంటుంది, నువ్వు గమనించలేదేమో.

నేను మధ్యాహ్నం గొడుగాయన షెడ్డుకి వెళ్ళి కాగితం మీద సంతకం పెట్టాను. మూడేళ్ళ బడిలో నాకు వచ్చిన చదువల్లా ఆ సంతకమే.

ఇంటికొచ్చి చెప్పాను. మీ అమ్మమ్మ, "అడగకుండానే?" అంది. మీ అమ్మ, "మంచిదే చేశావు నాన్నా, నాకు రాలేదు," అంది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత నాలుగు రోజులకి అనుకుంటాను, చెయ్యి కడుక్కుందామని పెరట్లో బట్టలుతికే బండ దగ్గరికి వెళ్ళాను. బండ వెనక, సబ్బునీళ్ళు పారే చోట, పచ్చగా ఉంది. గుప్పెడంత మేర. వంగి చూశాను. కొత్తిమీర. ఒత్తుగా, వేలెడెత్తు.

"ఏమే, ఇవెక్కడివి?" అని కేకేశాను.

మీ అమ్మమ్మ వచ్చి చూసింది. "అవా. నువ్వు విత్తిన రోజు ఆ దుప్పటి దులిపాను కదా, ధనియాలు ఆరబెట్టింది. మూలల్లో చిక్కుకున్నవి రాలాయి. ఏం?"

"ఇక్కడికి ఏ నీళ్ళు పోతాయి?"

"బట్టలుతికిన నీళ్ళు. బావివే. ఏం, ఎందుకలా చూస్తావు?"

మడిలో నీళ్ళకంటే ఉప్పటి నీళ్ళు. పైగా సబ్బు. ఒక మొలకని మెల్లగా పైకి లాగాను. ఆకు నెత్తిన పొట్టు అలాగే ఉంది, గుండ్రంగా, టోపీ పెట్టుకున్నట్టు. పగలలేదు. ఎవరూ రుద్దలేదు దాన్ని.

పాకలోకి వెళ్ళి పలక కిందికి దించాను. చెక్క సందుల్లో పొడి ఇంకా ఉంది. గోటితో గీరి అరచేతిలో వేసుకున్నాను. పొట్టులో తెల్లగా, బియ్యపు నూకలో సగం ఉంటాయేమో, తుంపులు. మొలక ముక్కులు అవి. నానినప్పుడే లోపల కదిలి ఉంటాయి. నేను చెప్పుకాలితో తుంపేశాను. నాలుగు కిలోలూ.

చెప్పాలి కదా వెంటనే. చెప్పలేదు. సాయంత్రం ఆమె వచ్చింది, అన్నం పెట్టుకుని తింది, కంచం కడిగింది. రేపు చెప్దామనుకున్నాను. మర్నాడు ఆమెకి తలనొప్పి. ఆ మర్నాడు మీ అమ్మమ్మ పక్కనే ఉంది. ఇలా ఒక్కోరోజు ఒక్కో సాకు. కూతురి ముందు తప్పయిందని చెప్పడానికి తండ్రికి ఎన్ని రోజులు పడుతుందో తెలుసా? నాకు తొమ్మిది పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆమె ఇంట్లో నా కంట పడకుండా తిరిగింది, నేను ఆమె కంట పడకుండా తిరిగాను. మీ అమ్మమ్మ ఇద్దరి మధ్యా కంచాలు పెట్టీ తీసీ విసిగిపోయింది.

"ఏమయ్యా, నీ నోట్లో ఏమన్నా ఇరుక్కుందా?" అంది ఒకరోజు.

"ఏం లేదు."

"ఉంటే ఉమ్మెయ్యి. నీ మొహం చూడలేక చస్తున్నాను."

పదో రోజు బస్సెక్కి ఆమె పనిచేసే చోటికి వెళ్ళాను. అంతకుముందు ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. పొడుగ్గా గది. ఒక గోడ వెంట తొట్లు. ఆవిరి పడుతోంది. మేకులు కొట్టిన చెక్క మీద గాజు గొట్టాలు తలకిందులుగా, వందలు. ఆమె చేతులకి రబ్బరు తొడుగులు, మోచేతి దాకా. నన్ను చూసి కంగారుపడింది.

"అమ్మకి బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"మరి?"

నా సంగతి తెలుసు కదా నీకు. మాట బయటికి రావడానికి టైం పడుతుంది. ఆమెకి అక్కడ తీరిక లేదు, వెనక ఇంకో గంపెడు సామాను పెట్టి వెళ్ళారు. నేను నోరు విప్పేలోపు ఆరు గొట్టాలు కడిగింది.

"ఆ ధనియాలు," అన్నాను.

"ఏ ధనియాలు?"

"నువ్వు నానబెట్టినవి. రుద్దాను నేను."

గొట్టంలో బ్రష్షు ఆగింది.

"ఎప్పుడు?"

"విత్తేరోజు పొద్దున."

"అన్నీనా?"

"అన్నీ."

గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. మరక ఉన్నట్టుంది, మళ్ళీ ముంచి కడిగింది. మేకుకి తగిలించింది. అప్పుడు అడిగింది.

"ఎంత గట్టిగా రుద్దావు?"

నేను ఇంకేదో అంటుందనుకుని అన్నిటికీ సిద్ధపడి వెళ్ళాను. దీనికి సిద్ధపడలేదు.

"మామూలు కంటే గట్టిగా," అన్నాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"తొమ్మిది రోజులైంది."

ఆమె తల ఊపింది. ఇంకో గొట్టం తీసుకుంది. "ఇక్కడ తడి. జారతావు, మెల్లగా వెళ్ళు నాన్నా," అంది. బయటికి వచ్చాను. బస్సు ఆగేచోట కూర్చున్నాను. రెండు బస్సులు వదిలేశాను, ఎక్కబుద్ధి కాలేదు.

అక్కణ్ణుంచి తిన్నగా షెడ్డుకి వెళ్ళాను. కాగితం వెనక్కిమ్మని అడిగాను. గొడుగాయన ఈసారి నవ్వలేదు, విసుక్కున్నాడు.

"పెద్దాయనా, ఇదేమన్నా చొక్కానా, సరిపోలేదని వెనక్కివ్వడానికి?"

"తప్పు మాది. విత్తనం పాడుచేశాం. నేనే పాడుచేశాను. సరిగా వేస్తే వస్తుంది."

"ఈ నేలలోనా?"

"ఈ నేలలోనే."

కాసేపు గొడుగు కొనతో నేల మీద గీతలు గీశాడు. "మట్టి తోడే మిషను ఆ చివర్నుంచి వస్తోంది. మీ వైపు వచ్చేసరికి నలభై, నలభై అయిదు రోజులు పడుతుంది. అది వచ్చేలోపు ఒక్క కట్ట, బజారుకి పోయే కట్ట, కోసి నా చేతిలో పెట్టండి. మీ ముందే చింపేస్తా. సరేనా?"

సరేనన్నాను. ఆ మాట ఎవరూ రాసుకోలేదు.

ఆ వారమే మళ్ళీ నానబెట్టాం. మళ్ళీ కాటా, మళ్ళీ దుప్పటి, గోడ మీద మళ్ళీ అంకెలు. ఈసారి ఆమె నాకు ఏదీ చెప్పలేదు. అన్నీ తనే చేసింది. సెలవు పెట్టి మరీ తనే విత్తింది. నేను గట్టు మీద కూర్చున్నాను. ఒకసారి లేవబోతే మీ అమ్మమ్మ, "కూర్చోవయ్యా," అంది. కూర్చున్నాను.

తొమ్మిదో రోజు పొద్దున సాళ్ళ వెంట ఆకుపచ్చ దారం పరిచినట్టుంది. ఆ తెల్ల పొరని పగలగొట్టుకుని వచ్చాయి, ప్రతిదాని నెత్తినా పొట్టు. కింద పల్లం వైపు కొంత పలచన. మిగతాదంతా ఒత్తు. మీ అమ్మ గట్టు మీద నిలబడి చూసి, నన్ను పిలవకుండా పనికి వెళ్ళిపోయింది. నేను కిటికీలోంచి చూస్తున్నానని ఆమెకి తెలుసు.

నేను రోజూ మొక్క పక్కన జాన పెట్టి చూసేవాణ్ణి. కట్ట కట్టాలంటే జానెడు ఉండాలి. రెండు వేళ్ళు. మూడు వేళ్ళు. మిషను చప్పుడు మొదట్లో ఎక్కడో దూరంగా ఉండేది. తర్వాత మాట్లాడుతుంటే గొంతు పెంచాల్సి వచ్చేది. మధ్యలో మళ్ళు మెత్తగా ఉన్నాయట, అనుకున్న దానికంటే తొందరగా అయిపోయాయట.

విత్తిన ముప్పై ఒకటో రోజు పొద్దున మిషను మా గట్టు దగ్గర ఆగింది. కొత్తిమీర అప్పటికి అయిదు వేళ్ళెత్తు ఉంది.

గొడుగాయన వచ్చాడు. గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు. "మొలిచిందే," అన్నాడు. వెటకారం కాదు.

"నలభై, నలభై అయిదు అన్నారు మీరు," అన్నాను.

"మిషను వచ్చేలోపు అన్నాను."

"నలభై అయిదు దాకా పడుతుందని మీరే అన్నారు. ఇంకో తొమ్మిది రోజులు. పది."

"అయితే కోసి చూపించండి ఇప్పుడు. కట్ట అవుతుందా ఇది? మీరే చెప్పండి, ఇన్నేళ్ళు కట్టలు కట్టినవాళ్ళు."

నేను వంగి మొక్క పక్కన జాన పెట్టి చూశాను.

"మిషను ఇవాళ నా దగ్గర ఉంది పెద్దాయనా. ఎల్లుండి ఇంకో ఊళ్ళో ఉంటుంది. పది రోజులు ముందు విత్తుంటే ఈపాటికి చింపేసేవాణ్ణి, ఒట్టు." అలా అనేసి వెళ్ళిపోయాడు. ఆ ఒట్టు నిజమేననుకుంటాను. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ రోజులు ఎక్కడికి పోయాయో మా ముగ్గురికీ తెలుసు.

మీ అమ్మమ్మ కొంగు దోపుకుని మడిలోకి దిగింది, ఉన్నంత పీకేద్దామని. నేనూ దిగాను. మీ అమ్మ మిషను దగ్గరికి వెళ్ళి, నడిపే అతనితో, "ఒక్క అరగంట ఆపుతారా?" అంది. అతను ఇంజను ఆపి కిందికి దిగి, సీసాలో నీళ్ళు తాగుతూ నీడన నిలబడ్డాడు. ఆమె కూడా పీకుతుందనుకున్నాను. పీకలేదు. పెన్సిలూ, విత్తిననాడు గింజల లెక్క రాసుకున్న కాగితమూ తెచ్చుకుంది. ఒక్కో సాలు పక్కన వంగి, జానెడు మేర కొలిచి, ఆ మేరలో వేలితో ఒక్కో మొక్కనీ తాకుతూ లెక్కపెట్టింది. పల్లం వైపు వేరేగా, మెరక వైపు వేరేగా. మేం పీకుతుంటే, "ఆ సాలు ఆగండి, ఇంకా కాలేదు," అంది. అతను నీళ్ళు తాగడం అయిపోయింది, వాచీ చూసుకున్నాడు.

చివరి సాలు దగ్గర లేచి నడుం పట్టుకుని, "వందకి డెబ్బై ఆరు మొలిచాయి," అంది. ఎవరితోనో కాదు. తర్వాత అతని వైపు తిరిగి, "అయిపోయింది, కానివ్వండి," అంది.

మేం పీకిన ఆకు రెండు బుట్టలయింది. కట్టకి రాదు. ఇరుగుపొరుగుకి పంచేసింది మీ అమ్మమ్మ.

ఆ కాగితం ఆమె పనిచేసే చోట ఎవరికో చూపించిందట. వాళ్ళు ఏమన్నారో నాకు తెలీదు, ఆమె చెప్పలేదు. కానీ మరుసటి ఏడు చలికాలం మొదలవగానే, కాలవకి ఆవలి వైపు, ఇంకా మళ్ళు వదులుకోనివాళ్ళు, ఒక్కొక్కళ్ళే సంచీల్లో ధనియాలు పట్టుకుని మా గుమ్మంలోకి రావడం మొదలుపెట్టారు. నువ్వు చూస్తూనే ఉన్నావు కదా, ఇప్పటికీ వస్తారు. ఆమె కూర్చోబెట్టి చెప్తుంది. ఇన్ని నీళ్ళు, ఇంత ఉప్పు, ఇన్ని గంటలు, నీడలో, తూకం. అందరూ బుద్ధిగా వింటారు. అంతా విని, లేవబోతూ, వాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

"అమ్మా, విత్తేముందు రుద్దుకోవచ్చు కదా?"

ఆమె తలెత్తకుండా చేత్తో నా వైపు చూపిస్తుంది. "అది మా నాన్నని అడగండి."

వాళ్ళు వచ్చి నా మంచం పక్కన కూర్చుంటారు. నేను చెప్తాను. నీకిప్పుడు చెప్పినంత కాదు, పలకా, చెప్పుకాలూ, ముక్కులూ, అంతవరకే. మెల్లగానే చెప్తాను, వాళ్ళకి తొందరున్నా సరే. ఆమె లోపల కాటా సర్దుతూ ఉంటుంది. నేను ఎక్కడన్నా ఒక ముక్క వదిలేస్తే చప్పుడు ఆగుతుంది. వదిలేసింది చెప్పాక మళ్ళీ మొదలవుతుంది.

విన్నాక వాళ్ళు సంచీ భుజాన వేసుకుని లేస్తారు. మరి మీ మడి ఏమైందని ఇంతవరకూ ఒక్కళ్ళూ అడగలేదు. గుమ్మం దాటగానే కనిపిస్తుంది కదా ఎదురుగా, తెల్లగా, కుప్పలు కుప్పలుగా.